పిడికెడు దాణా

మిక్సర్ ఆగగానే రూప్లి కొంగు నడుముకు బిగించి, ముక్కుకు కట్టుకున్న గుడ్డ సర్దుకుని, ఆ ఇనప డొల్లలోకి సగం దాకా దూరింది. లోపల ఇంకా సెగలు కక్కుతోంది. పొద్దుటి నుంచీ కోళ్ల దాణా కలిపిన డొల్ల కావడంతో మూలమూలనా పసుపుపచ్చ పిండి అంటుకుని ఉంది. పొట్టి చీపురుతో గీకుతుంటే అది లేచి కళ్లలోనూ, మెడ మీది చెమటలోనూ పడుతోంది. ఇంకో పావుగంట గీకాలి. తర్వాత ఒక బస్తా ఉత్త తవుడు పోసి పది నిమిషాలు తిప్పాలి. ఆ తవుడును మోసుకుపోయి మిల్లు వెనక గోతిలో పోసి మట్టి కప్పాలి. ఆ తర్వాతే గుర్రాల దాణా మొదలుపెట్టాలి. ఎందుకో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఇంటికి తీసుకుపోతే రెండు మేకలు బతికే తవుడును గోతిలో పోయడమేమిటని మొదట్లో ప్రాణం ఉసూరుమనేది. రానురాను అలవాటైపోయింది.

"వదినె, చాలు. బయటికి రా," అన్నాడు లాల్‌సింగ్.

లాల్‌సింగ్‌ది రూప్లి తండానే, వరసకు మరిది. రెండేళ్ల కిందటి దాకా ఆమె పక్కనే బస్తాలు మోసినవాడు. సేటు అతని మెడలో తాడుతో ఒక కార్డు వేలాడదీసి సూపర్‌వైజరన్నాడు. వంగితే ఆ కార్డు ఎక్కడ నలుగుతుందో అన్నట్టు ఆనాటి నుంచీ అతను నడుం వంచడం మానేశాడు.

హైదరాబాదు నుంచి గుర్రాల క్లబ్బు వాళ్లు రెండింటికి వస్తున్నారని, పది బస్తాలు కుట్టి ఉంచి వాళ్ల కళ్ల ముందు లారీ ఎక్కించాలని, తవుడు తిప్పే టైం లేదని చెప్పాడు. అంతటితో ఆగలేదు. మూలన పడి ఉన్న నాలుగు బస్తాల కోడి దాణా నూకను కూడా ఈ కలుపులోనే పోయమన్నాడు. అదీ దాణాయే, ఇదీ దాణాయే, పారేస్తే ఎవరికి లాభమని సేటు అన్నాడట.

"తవుడు తిప్పకుండనేనా? నూక గూడ గలిపా?" అంది రూప్లి.

"సేటు చెప్పిండు. నీకేంది, నువ్వేమన్న డాక్టరమ్మవా?"

రూప్లి డొల్లలోంచి బయటికి వచ్చి చీపురు దులిపింది. ఈ మధ్య కరెంటు కోతలప్పుడు రెండు మూడుసార్లు తవుడు తిప్పకుండానే కానిచ్చిన మాట నిజమే. కానీ నూక కలపడం ఇదే మొదలు.

మిల్లు యజమాని భద్రయ్య సేటుకు గుర్రాలంటే ప్రాణం. ఆ ప్రాణం పుట్టి ఐదేళ్లయింది. అంతకు ముందు ఏన్కూరు దాటాక అడవి మొదలయ్యే చోట, ఈ రేకుల షెడ్డులోనే కోళ్ల దాణా మాత్రం ఆడించేవాడు. కోడి దాణా బస్తా మీద వంద రూపాయలు మిగిలితే గుర్రం దాణా బస్తా మీద ఏడు వందలు మిగులుతాయని ఎవరో చెప్పిన రోజునే ఆయన గుండెలో అశ్వప్రేమ పొంగిపొర్లింది. మక్కలు, గోధుమ పొట్టు, సోయా చెక్క, బెల్లం మడ్డి అవే. సంచి మీద బొమ్మ మారింది. 'భద్ర అశ్వామృతం' అని పేరు పెట్టి బస్తా ఇరవై నాలుగు వందలకు అమ్మసాగాడు. అది రూప్లికి వారం రోజుల కూలి.

ఆఫీసు గోడ మీద నిలువెత్తు చార్టు ఒకటి తగిలించాడు. నాలుగు వందల కిలోల గుర్రానికి రోజుకు ఎన్ని కిలోల గడ్డి, ఎంత దాణా, ఎన్ని గ్రాముల ఉప్పు, ఎంత సున్నపు పొడి అన్నీ అందులో ఉన్నాయి. పరుగెత్తే గుర్రానికి ఒక వరుస, బండి లాగే గుర్రానికి ఒక వరుస, ముసలి గుర్రానికి ఒక వరుస, చూలుతో ఉన్న ఆడ గుర్రానికి ఎర్ర అక్షరాలతో ప్రత్యేకంగా ఒక వరుస. ఎండలో పనిచేసిన గుర్రాన్ని నీడకు కట్టాలనీ, నీళ్లలో ఉప్పు కలిపి పట్టాలనీ కింద రాసి ఉంది. ఆ చార్టు కిందనే నిలబడి సేటు పోయిన చలికాలంలో కూలి మనిషి శ్యామలకు ఐదో నెలని తెలిసి, కాన్పయ్యాక చూద్దాం పొమ్మని పంపించాడు. మోటు పని, నీ మంచికే చెబుతున్నానన్నాడు. కూలీల నీళ్ల డ్రమ్ము ఎండలో ఉంటుంది. గుర్రాలు నోరులేని జీవాలు, వాటి బాగోగులు మనమే చూడాలని వచ్చినవాళ్లందరికీ చెబుతుంటాడు. కూలీలకు నోరుంది కాబట్టి వాళ్లను చూడాల్సిన అవసరం ఆయనకు కలగలేదు.

ఆ నోటిని కూడా ఆయన ఊరికే పోనివ్వలేదు.

నాలుగేళ్ల కిందట ఒక కొనుగోలుదారు వచ్చి, దాణాలో యూరియా కలుపుతారటగా అని నసిగాడు. సేటు చుట్టూ చూశాడు. దగ్గరలో రూప్లి ఉంది. పిలిచి, పిడికెడు దాణా చేతిలో పోసి తినమన్నాడు. ఆమె తిన్నది. మడ్డి తియ్యగా తగిలింది, పొట్టు గొంతులో గీరుకుంది. మనుషులు తినేంత శుభ్రమండీ మా సరుకు అన్నాడు సేటు. బేరం కుదిరింది. అప్పటి నుంచి అదొక ఆచారమైపోయింది. ఎవరొచ్చినా రూప్లి రావాలి, పిడికెడు తినాలి, నవ్వాలి. తిన్న రోజు యాభై రూపాయలు ఎక్కువ. చీరతో బాగుండదని ఖమ్మంలో నాటకాల సామాను కిరాయికిచ్చే చోట అద్దాల లంగా, గవ్వల రవిక కొనుక్కొచ్చి ఆఫీసు బీరువాలో పెట్టాడు. అవి వేసి ఫోటో తీయించి, ఆ ఫోటోను సంచి మీద అచ్చు వేయించాడు. అడవి బిడ్డ చేతి చలవ అని దాని కింద ఒక మాట. అది చూసి సంతోషించినవాళ్లలో రూప్లి కూడా ఉంది. ఖాళీ సంచి ఒకటి ఇంటికి తీసుకుపోయి తండా అంతా తిప్పి చూపించుకుంది. ఇప్పుడు ఆ సంగతి గుర్తొస్తే తన మీద తనకే రోత పుడుతుంది.

ఎందుకంటే ఆ బొమ్మను నమ్మి మోసపోయినవాడు పరాయివాడు కాదు. సొంత తమ్ముడు బద్యా.

బద్యాకు ఖమ్మంలో ఒక తెల్ల ఆడ గుర్రం ఉండేది. పేరు మోతి. పెళ్లి ఊరేగింపులకు తిప్పేవాడు. ఊరేగింపుకు మూడు వేలు. అన్నేళ్లూ దానికి ఉలవలు, గడ్డి, ఇంత తవుడు పెట్టి సాకాడు. పోయిన నెల పెళ్లిళ్ల కాలమని, గుర్రం కాస్త నిగనిగలాడాలని ఒక బస్తా అశ్వామృతం కొనడానికి మిల్లుకొచ్చాడు. మంచిదేనా అక్కా అని అడిగాడు. రూప్లి, కరెంటు కోత రోజు తవుడు తిప్పకుండా ఆడించిన ఆ కలుపులోంచే పిడికెడు తీసుకుని అతని ముందే నోట్లో వేసుకుంది. బద్యా డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు. లాల్‌సింగ్ ఆరోజు ఎవరూ అడక్కుండానే వంగి, బస్తా ఎత్తి ఆటోలో వేశాడు.

మూడో రోజు మోతి గడ్డి ముట్టలేదు. ఒళ్లంతా చెమటలు. వెనక కాళ్లు తడబడ్డాయి. మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో పడింది. పశువుల దవాఖానాకు తీసుకుపోయేలోగా రోడ్డు పక్కనే కూలబడి, తెల్లారేసరికి పోయింది.

బద్యా దాన్ని ఎండలో డీజే బండి ముందు నాలుగు గంటలు నిలబెట్టాడు, గుండె ఆగి చచ్చిందని సేటు తేల్చేశాడు. రూప్లి కూడా అదే నమ్మింది. దాణాలో తప్పుంటే ముందు తిన్నది తను కదా, తనకేం కాలేదు కదా! ఆ మాటే బద్యా ముఖం మీద అన్నది. నీ ఆశతోనే చంపుకున్నావని కూడా అన్నది. మర్నాడు పొద్దున లేచి చూస్తే ఆమె ఇంటి దడికి ఖాళీ సంచి వేలాడుతోంది. దాని మీద నవ్వుతూ దాణా నములుతున్న తన ముఖం. అప్పటి నుంచి వాడు అక్క గడప తొక్కలేదు.

ఇప్పుడు చీపురు పట్టుకుని నిలబడ్డ రూప్లికి ఆ సంచే కళ్ల ముందు మెదిలింది. లాల్‌సింగ్‌ను అక్కడే వదిలి ల్యాబు గది వైపు నడిచింది.

ల్యాబు అంటే నాలుగు సీసాలు, ఒక తక్కెడ, ఒక ఫ్యాను. అందులో శ్రావణి ఉంటుంది. వేంసూరు పిల్ల, పశువుల మేత గురించి చదువుకుంది, గుర్రాలకు ఏది ఎంత కలపాలో రాసేది ఆమే. రూప్లి చెప్పింది విని ఆమె ముఖం పాలిపోయింది. లేచి సేటు గదిలోకి పోయింది. ఐదు నిమిషాల తర్వాత తల వంచుకుని తిరిగొచ్చి, తవుడు తిప్పినట్టు రిజిస్టర్లో రాసి సంతకం చేసింది. శ్రావణి చెడ్డది కాదు. ఇలా తలవంచుకుని సంతకం పెట్టే మంచివాళ్ల మీదనే సేటు లాంటివాళ్ల మిల్లులు నడుస్తాయి.

"అమ్మా, ఆ తవుడు ఎందుకు తిప్పుతరో చెప్పు. ఇన్నేండ్లల్ల నాకెవ్వలు చెప్పలే," అంది రూప్లి.

శ్రావణి తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. కోళ్లకు రక్త విరేచనాలు రాకుండా దాణాలో ఒక మందు కలుపుతారని, అది కోళ్లకు మందే గానీ గుర్రానికి విషమని, డొల్లలో మిగిలింది తవుడుకు అంటుకుని వచ్చేస్తుందని చెప్పింది. ఊరికే అంటుకున్నదే ప్రమాదం, ఇక నాలుగు బస్తాల నూకంటే అంటూ ఆగిపోయింది.

"మరి నేను తింటిని గదా. నాకేం గాలే."

"నీకేం కాదక్కా. మనిషి పిడికెడు తింటే ఏమీ తెలియదు. గుర్రం గుండె తట్టుకోలేదు. నువ్వు తిన్నంత మాత్రాన గుర్రానికి మంచిదని కాదు."

రూప్లి ఒక్కొక్కటే అడిగింది. చెమటలు పడ్తయా? వెనక కాళ్లు పోతయా? మూత్రం నల్లగా వస్తదా? ప్రతిదానికీ శ్రావణి తల ఊపింది. చివరి దానికి తల ఎత్తలేదు.

అయితే నాలుగేళ్లుగా తను తిన్న పిడికెళ్లన్నీ ఉత్తవే. సేటు ఆమె నోటిని సాక్ష్యంగా నిలబెట్టాడు, ఆ సాక్ష్యం చెల్లదని అతనికి తెలుసు. చదువుకున్న ఈ పిల్లకూ తెలుసు. తెలియనిది తినే దానికే. తెలియకుండానే తమ్ముడి గుర్రాన్ని చంపి, తప్పు వాడి మీదికే తోసింది.

తిరిగి వచ్చేసరికి మిక్సర్ తిరుగుతోంది. ఆమె కోసం ఆగకుండా లాల్‌సింగే నూక పోయించాడు. ఆపమని అరవాలనిపించింది. అరిస్తే రేపటి నుంచి పని ఉండదు. ఆ చుట్టుపక్కల ఏడాది పొడుగునా దొరికే కూలి ఈ మిల్లులోనే. తక్కినవి మిర్చి ఏరే మూడు నెలలు, తునికాకు కోసే ఇరవై రోజులు. రూప్లి సూది పట్టుకుని బస్తాల మూతులు కుట్టింది. తన ముఖం ఉన్న సంచులు పది, ఒకదాని మీద ఒకటి.

రెండింటికి వస్తామన్నవాళ్లు మూడున్నరకు వచ్చారు. నల్ల కారులోంచి క్లబ్బు మేడం, ఆమె మేనేజరు దిగారు. గాలి ఎంత బాగుందో అని మేడం ముక్కుతో పీల్చింది. అడవి గాలి మరి అన్నాడు సేటు, తానే వీయిస్తున్నట్టు. క్లబ్బులో నలభై గుర్రాలున్నాయని, ఒక్కొక్కదానికి ఒక్కో పేరు, ఒక్కో పుట్టినరోజు ఉన్నాయని ఆమె చెప్పింది. ఈ పది బస్తాలు నచ్చితే ఏడాదంతా ఇక్కడి నుంచే తీసుకుంటారట. సేటు చార్టు చూపించాడు, రిజిస్టర్ చూపించాడు, శ్రావణిని చూపించాడు. చివరికి షెడ్డు ముందు కట్టేసి ఉన్న తన సొంత గుర్రం సుల్తానును చూపించాడు.

సుల్తాను ఎర్రటి మగ గుర్రం. దానికి వేరే రేకుల నీడ, ఆ నీడలో ఒక కూలరు. సేటు దాన్ని ఎక్కడు, ఎక్కితే పడతాడని భయం. వచ్చినవాళ్ల ముందు దాని మెడ నిమురుతాడు. మా సరుకు తిని పెరిగిందేనండీ అని ఇవాళ కూడా అన్నాడు. మేడం దాని నుదురు ముద్దు పెట్టుకుంది. ఆ గుర్రానికి ప్రతి పొద్దునా ఉలవలు ఉడకబెట్టేది రూప్లి, పచ్చగడ్డి కోసి వేసేది రూప్లి. ఐదేళ్లలో అశ్వామృతం ఒక్క పలుకు కూడా అది రుచి చూడలేదు. సొంత గుర్రం కదా.

అద్దాల లంగా వేసుకుని రమ్మని కబురొచ్చింది. రూప్లి వేసుకోలేదు. దాణా పిండి అంటిన చీరతోనే వచ్చి నిలబడింది. సేటు కళ్లెర్రజేసి, అంతలోనే నవ్వు ముఖం పెట్టి, ఎదురుగా విప్పిన బస్తాను చూపించాడు.

"రూప్లీ, మేడం గారికి జెర తిని చూపియ్యి."

మేడం ఫోను ఎత్తి పట్టుకుంది. వావ్, సంచి మీద ఉన్నది ఈమేనా అంది. రూప్లి బస్తాలో చెయ్యి పెట్టి పిడికెడు దాణా తీసింది. బెల్లం మడ్డి వాసన గుప్పుమంది. ఆ వాసనలోనే అంతా దాచేస్తారు. అరచేతిలోకి చూసింది. తిన్నా తనకేం కాదు. యాభై రూపాయలొస్తాయి. పది బస్తాలు లారీ ఎక్కుతాయి. మూడు నాలుగు రోజుల్లో ఎక్కడో, పుట్టినరోజులున్న గుర్రాలు చెమటలు పట్టి కూలబడతాయి. అప్పుడు కూడా సేటు ఎండ మీదికో, గుర్రం తోలేవాడి మీదికో నెట్టేస్తాడు. ఆ తోలేవాడు కూడా బద్యా లాగానే ఎవరికో తమ్ముడై ఉంటాడు.

"నేను తిన, సేటు."

సేటు నవ్వాడు. సిగ్గుపడుతోందండీ, అడవి మనుషులు కదా అన్నాడు. మేనేజరు కూడా నవ్వాడు.

"సిగ్గు గాదు. నేను తింటే నాకేం గాదు. తినేది నేను గాదు గదా, గుర్రం గదా," అని రూప్లి కింద ఉన్న రేకు తట్టను బస్తాలో ముంచి నిండుగా ఎత్తింది. "గుర్రమే తిని చూపిస్తది."

మేడంకు ఈ మాట చాలా నచ్చింది. అవును, అదే బాగుంటుంది, వీడియో తీస్తానంటూ ఫోనును సుల్తాను వైపు తిప్పింది. రూప్లి తట్టతో కూలరు వైపు నడిచింది. పరుగెత్తలేదు. ప్రతి పొద్దునా ఉలవలు తెచ్చే మనిషి వస్తోందని సుల్తాను చెవులు నిక్కబొడిచి, తాడు సాగేంత దూరం మెడ చాచింది. బెల్లం వాసనకు పెదవులు ఆడించింది. రూప్లి మూడడుగుల దూరంలో ఆగి వెనక్కి తిరిగి సేటును చూసింది.

"ఆగు! దానికి పెట్టకు!"

సేటు అంత గట్టిగా అరవడం ఆ మిల్లులో ఎవరూ ఎప్పుడూ వినలేదు. తను అరిచాడని ఆయనకూ ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది. లారీ మీద నిలబడ్డ హమాలీలు చేతిలోని బస్తాను అలాగే పట్టుకున్నారు. మేడం ఫోను మెల్లగా దించింది.

"ఎందుకని?" అని అడిగింది.

దానికి ఒంట్లో బాగాలేదని సేటు మొదలుపెట్టాడు. పొద్దున్నే తిన్నదన్నాడు. ఎండ వేళ పెట్టకూడదన్నాడు. ఒక మాటకు ఇంకో మాట అతకలేదు. మీ సరుకు తినే పెరిగిందన్నారుగా అంది మేడం. ఆమె బాధంతా తన నలభై గుర్రాల గురించే, రూప్లి గురించి కాదు. అయినా ఆమె అడిగిన ప్రశ్న సరైనదే. మేడం ల్యాబు గుమ్మంలో నిలబడ్డ శ్రావణి వైపు తిరిగి, మీరు చెప్పండి అంది. శ్రావణి చంకలో రిజిస్టరు ఉంది. ఆమె దాన్ని గట్టిగా అదుముకుని నేల చూపులు చూసింది.

సేటు కనుసైగకు లాల్‌సింగ్ కదిలాడు. తట్ట లాక్కోవడానికి చేతులు చాచి వచ్చాడు.

"ఇటు రాకు లాలూ," అంది రూప్లి. గొంతు పెంచలేదు. "బద్యా ఆటోల బస్తా ఎత్తి ఏసింది నువ్వే."

లాల్‌సింగ్ చేతులు గాల్లోనే ఆగాయి. మెడలో కార్డు ఊగుతోంది.

సుల్తాను తాడు తెంచుకునేట్టు ముందుకు గుంజుతోంది. దానికేం తెలుసు, ఆకలి, తీపి వాసన. రూప్లి ఒక అడుగు వెనక్కి వేసి, దాని మూతికి అందకుండా తట్టను నెత్తి మీదికెత్తి పట్టుకుంది. డొల్ల గీకి, బస్తాలు కుట్టిన చేతులు లాగుతున్నాయి. తట్ట అంచు నుంచి దాణా కొద్దికొద్దిగా జుట్టులోకి, భుజాల మీదికి రాలుతోంది. ఆమె దించలేదు. శ్రావణి ఏమంటుందోనని అటే చూస్తూ నిలబడింది.